స్వెటర్ విప్పమన్న మనిషి

దయ్యాలంటే నాకు నవ్వు. ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే పనీపాటా లేదా అని కసురుకునేదాన్ని. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే ఆఫీసులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. కంటితో చూసిందే నమ్మే మనిషిని.

పోయిన వానాకాలం మా చెల్లెలు సరిత తన ఏడు నెలల పాపను అత్తగారి ఊరి నుంచి మధురానగర్‌లో మా ఇంటికి తెచ్చింది. వారంగా సర్ది, దగ్గు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూదుల మీద సూదులు వేశాడట. మండలంలో ప్రభుత్వ దవాఖానా ఉంది, ఆక్సిజన్ లేదు. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం?

ఒక్కరూ పాప చొక్కా ఎత్తి చూడలేదు. గాలి తగలకూడదు, దిష్టి తగలకూడదని స్వెటర్, మంకీ క్యాప్, పైన తువ్వాలు. నేనూ ఇంకో శాలువా కప్పాను, ఏదో ఘనకార్యంలా.

పొద్దున పదింటికి పంజాగుట్టలో పిల్లల ఆసుపత్రికి వెళ్ళాం. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. పాప పాలు తాగడం లేదని రెండుసార్లు చెప్పాను. కౌంటర్లో అమ్మాయి తల కూడా ఎత్తలేదు. ఒళ్ళు మండింది, అయినా కూర్చున్నాను.

సరిత నీళ్ళకు వెళ్ళింది. పక్క కుర్చీలో యాభై ఏళ్ళావిడ. భుజాన సంచి, చేతికి అద్దం పగిలిన మగవాళ్ళ గడియారం.

"స్వెటర్ ఇప్పు బిడ్డా. డొక్కలు చూడు," అంది.

విప్పాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటపడుతోంది. ఆమె గడియారం చూస్తూ నిమిషంసేపు ఊపిరి లెక్కపెట్టింది. డెబ్బై దాటింది. ఆ వయసుకు యాభై దాటితేనే ప్రమాదమట.

"టోకెన్ కోసం కూసోకు. లోపలికి తీస్కపో."

తలుపు నెట్టుకుని వెళ్ళాను. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. వైరస్ అట, ఆ సూదులతో పనే లేదట. ఇంకాస్త ఆలస్యమైతే పాప దక్కేది కాదన్నాడు డాక్టర్.

ఆమెకు దండం పెడదామని వస్తే కుర్చీ ఖాళీ. అద్దం పగిలిన గడియారం చూస్తూ ఆమె లెక్కపెట్టిన సంగతి చెప్పగానే సరిత మొహం పాలిపోయింది.

"యాదమ్మక్క అట్లనే లెక్కపెడుతుండె. ఇల్లిల్లు తిరిగే మా ఊరి ఆశా వర్కర్. పోయినేడు జరమొచ్చి చనిపోయింది. గా గడియారం చేతికి ఉండంగనే బొందపెట్టిండ్రు అక్కా."

ఆ యాదమ్మను నేను ఎన్నడూ చూడలేదు. పేరు వినడం కూడా అదే మొదలు.

పాప ఇప్పుడు పాకుతోంది. యాదమ్మ పోస్టు మాత్రం ఇంకా ఖాళీయేనట.

ఆ రోజు నా పక్కన కూర్చున్నదెవరో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. చచ్చిన మనిషే వచ్చి డ్యూటీ చేసిందనుకుంటే, బతికున్న ఇంతమందిమి ఏం చేస్తున్నట్టు?