అబ్బా కాదన్న కొసరు

నర్సీపట్నం బజారులో మా అబ్బా, అంటే నాన్న, బట్టల కొట్టు నడిపినన్నాళ్ళూ గల్లాపెట్టె పైన ఒకే బోర్డు వేలాడేది: ‘ఒకటే ధర. బేరం లేదు.’ ఆ బోర్డు కింద కూర్చుని పెరిగిన నేను బేరం తప్ప మరో విద్య నేర్వలేదు. అబ్బా తగ్గించడు, వచ్చినవాళ్ళు అడగడం మానరు. ఎవరు ఎలా మొదలుపెడతారో, ఎవరు లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తారో, మెట్టు దిగి ఎవరు వెనక్కి చూస్తారో గమనిస్తూ కూర్చోవడమే నా చదువు. ఎదుటివాడు కుదరదన్నాకే అసలు మాట మొదలవుతుందని నాకు చాలా చిన్నప్పుడే తెలిసిపోయింది.

బేరం లేదు గానీ మా కొట్లో కొసరు ఉండేది. అబ్బా మీటరు బద్దతో గుడ్డ కొలిచి, ఆఖరి గుర్తు దగ్గర వేలు పెట్టి, ఆ వేలిని బెత్తెడు ముందుకు జరిపి అక్కడ కత్తెర వేసేవాడు. అడిగినవాడికీ అంతే, అడగనివాడికీ అంతే. ఒకసారి బడిపంతులు ఒకాయన, మహా పద్ధతి గల మనిషి, “నేను డబ్బిచ్చేది కొలత వరకేనండీ. ఆ పైది నాకొద్దు, గుర్తు దగ్గరే కొయ్యండి” అన్నాడు. అబ్బా కత్తెర కింద పెట్టేశాడు. గుడ్డ తిరిగి తానుకు చుట్టేశాడు.

“నేనిచ్చింది వొద్దన్నాక నా గుడ్డ మాత్రం దేనికండీ? ఎదురు కొట్లో దొరుకుద్ది, ఎల్లండి” అన్నాడు.

పాపం ఆ పంతులు తను చేసిన తప్పేమిటో తెలియక, చెప్పులు వేసుకోవడం మరచి మెట్లు దిగి, మళ్ళీ వచ్చి వేసుకుని వెళ్ళాడు. ఇంట్లో ఆ సంగతి చెప్పుకుని అందరం నవ్వాం, అమ్మీ తప్ప. అమ్మీ ఏ మాటనూ పారేసే మనిషి కాదు. దాచి పెడుతుంది. అవసరం వచ్చిన రోజున తీస్తుంది.

తొంభైల్లో నేను లుంగీలు, తువ్వాళ్ళు మూటగట్టుకుని వారం వారం కొండమీది సంతకు బస్సులో వెళ్ళేవాణ్ణి. మంచి గిరాకీ వేళకే మధ్యాహ్నం నమాజు జొహర్ వచ్చేది, సర్దుకునే వేళకు సాయంత్రం నమాజు అసర్. అందుకని మసీదులో మాకు నమాజు చదివించే హజ్రత్ దగ్గరకు వెళ్ళాను, హోల్‌సేల్ వ్యాపారి దగ్గరకు వెళ్ళినట్టు. నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించే వరస ఒక్కోటీ ఒక రకాతు; వాటిలో ఏమైనా తగ్గుతాయేమోనని.

“హజ్రత్, ప్రయాణంలో ఉన్నోడికి నాలుగు రకాతులు రెండైపోతాయంట గదా?”

“అవుతాయి బేటా. నువ్వు వెళ్ళేది ఎంత దూరం?”

చెప్పాను. చాలదన్నారు.

“అది ఘాట్ రోడ్డు హజ్రత్. ఆ మలుపులన్నీ తీసి సాపుగా పరిస్తే సాలా దూరం వస్తాది.”

“మలుపులు రోడ్డులోనే ఉన్నాయి బేటా. వాటికి వేరే లెక్క లేదు.”

“పోనీ, రానూపోనూ కలిపి?”

“ఒకవైపే.”

“కాళ్ళూ సేతులూ కడుక్కునే వజూ కాడ ఏమన్నా సూడండి మరి. నీళ్ళకి ఇబ్బంది. మట్టి మీద సేతులు కొట్టి తయమ్ముమ్ సేసుకోవచ్చంటారు గదా?”

“నీళ్ళు లేకపోతే చేసుకోవచ్చు. అక్కడ వాగు లేదా?”

“ఉంది. కానీ బాగా సల్లగుంటాయండి.”

“చల్లగా ఉన్నవి నీళ్ళు కాకుండా పోతాయా?”

నేను వదల్లేదు. జొహర్, అసర్ రెండూ ఒకేసారి తీసుకుంటే ఏమైనా తగ్గుతుందా అని అడిగాను. హజ్రత్ గడ్డం నిమురుకున్నారు. “నువ్వు నమాజు చదువుతావా, కొంటావా?” అన్నారు. కానీ ఉత్త చేతులతో పంపే మనిషి కాదాయన. జొహర్‌ని దాని వేళ ముగిసే ముందు చదివి, కాస్త ఆగి, అసర్ వేళ మొదలవగానే అది కూడా చదివేసుకోమన్నారు. ఒకే వజూ, ఒకసారి పరిచిన జానిమాజు చాప, రెండు నమాజులు. పెద్ద డిస్కౌంటు కొట్టుకొచ్చినట్టు ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. దారిలో లెక్క చూసుకుంటే రకాతు ఒక్కటి కూడా తగ్గలేదు. నా జన్మలో అంత చక్కగా నన్ను బుట్టలో వేసిన వ్యాపారి లేడు.

సంతలో నా పక్కన ఎండుచేపలమ్మే ఆమె కూర్చునేది. నేను చాప పరవగానే తన గంప పక్కకు లాక్కునేది. “బేగి మొక్కుకో బాబూ, నీ మూట నేను సూత్తాలే” అనేది. నేను లేచేసరికి నా లుంగీలు నా రేటు కన్నా ఎక్కువకు అమ్మి పెట్టేది. ఆ సంగతి విన్న అబ్బా, “ఆమెని కొట్లో ఎట్టుకుని నిన్ను సాప మీదే ఉంచేత్తే లాభం గదరా” అన్నాడు. నా బేరాలన్నీ హజ్రత్ ద్వారా ఆయన చెవిన పడ్డాయి. “మావోడు దేవుడి కొట్టు ముందు కూడా నిలబడి తగ్గించమంటాడు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ పేరు నాకు అంటుకుంది. కొన్నేళ్ళ తర్వాత అదే అడ్డం తిరిగింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక పెళ్ళివాళ్ళ కోసం పై అరలోని తాను దించుతూ అబ్బా స్టూలు మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆ పెళ్ళివాళ్ళు ఆ తాను కొననూ లేదు. విశాఖలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. పంపేటప్పుడు డాక్టరు మా అందరినీ నిలబెట్టి చెప్పాడు: కింద కూర్చోకూడదు, వంగకూడదు, ఆసరా లేకుండా నిలబడకూడదు. ఇంకోసారి పడితే మాత్రం ఇక మంచమే.

ఇంటికొచ్చాక పలకరించడానికి బంధువులు వచ్చారు. ఐదు పూటలా చదివేవాళ్ళు మా బంధువుల్లో తక్కువ, ఎలా చదవాలో చెప్పేవాళ్ళు ఎక్కువ. ఒంట్లో ఇనుము ఉండగా నమాజు చెల్లదని ఒకాయన తేల్చాడు. ఆయన నోట్లో కట్టుడు పళ్ళున్నాయి, వాటిని పట్టి ఉంచేదీ ఇనప తీగే. మంచం నమాజు దిక్కైన పడమటికి తిప్పకపోతే అంతా వృథా అని మరొకాయన పట్టుబట్టాడు. తిప్పాం. బీరువా తలుపు తెరుచుకోవడం మానేసింది. బాగయ్యాక అన్నీ కలిపి ఒకేసారి చదివేసుకోవచ్చని మూడో ఆయన భరోసా ఇచ్చి, టీ తాగి, పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడుతుండగానే బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయాడు.

అబ్బా వీళ్ళెవరి మాటా వినలేదు. అసర్ వేళకు అమ్మీ వంటింట్లోంచి వచ్చేసరికి, ఆయన మంచం దిగి గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కింద జానిమాజు పరిచి ఉంది. కాళ్ళు వణుకుతున్నాయి. అమ్మీ కేకకు నేను పరుగెత్తి పట్టుకున్నాను. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే డాక్టరు చెప్పినంతా జరిగిపోయేది.

“కుర్చీలో కూసుని సదవొచ్చు అబ్బా. రుకూకి కొద్దిగా, సజ్దాకి ఇంకొద్దిగా తల వొంచితే సాలు. మతంలోనే ఉంది.”

“ఎవుడు సెప్పాడు?”

“హజ్రత్.”

“ఆయనే సెప్పాడా, నువ్వు సెప్పించావా? బేరం ఆడితే గానీ అంత సౌక రాదు.”

జీవితంలో మొదటిసారి పైసా తగ్గించకుండా నిజం చెప్పాను, అదీ చెల్లలేదు. హజ్రత్‌నే ఇంటికి తీసుకొచ్చాను. ఆయన మంచం పక్కన కూర్చుని నేను చెప్పిందే చెప్పారు. పైగా, స్నానంలో కట్టు ఉన్నంతమేర నీళ్ళు పోయనక్కర్లేదు, పైన తడిచేత్తో తుడిస్తే చాలన్నారు. అబ్బా శ్రద్ధగా విన్నాడు. విని బేరం మొదలుపెట్టాడు, ధర కిందికి కాదు, పైకి.

“వంగడం మానేత్తాను హజ్రత్. నిలబడ్డం ఒక్కటీ ఉంచండి.”

“డాక్టరు వద్దన్నాడు కదా భాయ్. కూర్చునే చదవండి.”

“పోనీ, తప్పనిసరిదైన ఫరజ్ మాత్రం నిలబడి?”

“అదీ కూర్చునే.”

“శుక్కురారం జుమ్మా నాడొక్కరోజు?”

ధర పెంచమని బతిమాలే ఖాతాదారుణ్ణి నేను చూడటం అదే మొదలు. హజ్రత్ నా వైపు తిరిగి, “నీకీ విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది” అన్నారు. అబ్బా మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. “ఇన్నేళ్ళూ ఒకటే ధరకి సదివాను. ఇప్పుడు తగ్గింపు మాల్ ఇవ్వమంటే ఎలాగండి?” అన్నాడు.  ఆయన పట్టుదలంతా భయమేనని నాకప్పుడు అర్థమైంది. తను కూర్చుని చదివింది పైన ఎవరో పక్కన పడేస్తారని భయం.

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మీ అప్పుడు నోరు తెరిచింది.

“ఏటండీ, ఆ పంతులుగారు గేపకమున్నాడా?”

“ఏ పంతులు?”

“కొసరు వొద్దన్నోడు. మీరిచ్చింది కాదన్నాడని గుడ్డ సుట్టేసి మెట్లు దింపేశారు గదా. తగ్గింపంటారేటి? అడక్కుండానే దేవుడు ఇత్తన్నాడు. నాకొద్దు, గుర్తు కాడే కొయ్యమని సెప్పడానికి మీరెవరు? ఆయన కూడా తాను సుట్టేత్తే ఎక్కడికెల్తారు? ఎదురు కొట్టుందా?”

 హజ్రత్ నెమ్మదిగా తలూపారు. “నేనింతసేపు చెప్పిందీ ఇదే” అన్నారు. ఆయన చెప్పింది ఇది కాదు. కానీ మంచి మాల్ కనిపిస్తే తన కొట్టుదే అనే హక్కు ప్రతి వ్యాపారికీ ఉంది.

 అబ్బా నా వైపు తిరగకుండానే, “కుర్చీ తే. ప్లాస్టిక్‌ది కాదు, కొట్లో సెక్కది. ఊగకూడదు” అన్నాడు.

తెచ్చాను. పడమటి ముఖంగా వేశాను. ఇద్దరం పట్టి కూర్చోబెట్టాం. ఆయన చేతులెత్తి కట్టుకున్నాడు. రుకూకు కొంచెం వంగిన తల సజ్దాకు ఇంకాస్త వంగింది. బెత్తెడు ఎక్కువే.

ఎముక అతికింది. వాకర్ పోయి కర్ర వచ్చింది, కర్ర పోయి కొట్టు వచ్చింది. ఇక కింద కూర్చోవచ్చని డాక్టరు అన్న రోజే, మధ్యాహ్నం అబ్బా ఆ కుర్చీని తుడిచి, తనే గోడవారకు జరిపి, జానిమాజు పరిచాడు. మెల్లగా, గోడ పట్టుకుని, నేల మీదికి దిగాడు. సజ్దాలో ఉన్నంతసేపు అమ్మీ ఊపిరి బిగపట్టి చూసింది.

ఆ వారమే నాకు కాస్త జలుబు చేసింది. ఒళ్ళు నొప్పులు కూడా, చెప్పుకోదగ్గవి కావు. జొహర్‌కు ఆ చెక్క కుర్చీని పడమటికి తిప్పుకుని కూర్చున్నాను. వెనక నుంచి అబ్బా గొంతు వినపడింది.

“లెగు. అది నీకిచ్చింది కాదు. నువ్వడుగుతున్నావ్.”

లేచాను.