పిన్నికి నేర్పిన గౌరవం మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పెసరట్లు తిన్నది మా ఇంటి మనిషి కాదు. కంకిపాడులో మా వీధి చివర ఉండే ఒక పెద్దమనిషి. ఈక్వడార్ దేశంలో రొయ్యల చెరువుల మీద కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడు కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని ఈక్వడార్ బాబాయి అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మీద నాకున్నంత గౌరవం అప్పట్లో మా హెడ్మాస్టరు మీద కూడా లేదు.

ఆయన మా ఇంటికి రావడానికి కారణం మా పిన్ని. అమ్మకి చెల్లెలు. ఫిషరీస్ చదివి, బందరు వైపు రొయ్యపిల్లల్ని పెంచే ఒక హేచరీ ల్యాబులో, ఈక్వడార్ బాబాయి కింద పనిచేస్తూ మాతోనే ఉండేది. ఆ ఏడు హేచరీ తరఫున ఒకరిని ఏడాది శిక్షణకి ఈక్వడార్ పంపాలనుకున్నారు. అక్కడి ఫామ్ మేనేజరు వీడియోలో మాట్లాడి సరేనంటే పిన్ని ప్రయాణం ఖాయం. కాదంటే ఆ అవకాశం అదే ల్యాబులో ఉన్న ఈక్వడార్ బాబాయి బామ్మర్దికి పోతుంది. ఈ సంగతి మాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. అంత నవ్వుతూ మాట్లాడేవాడు.

పిన్ని అప్పటికే పుస్తకాలు ముందేసుకుని స్పానిష్ చాలావరకు నేర్చుకుంది. పుస్తకాల భాషతో చెరువు గట్టు మీద పని జరగదనీ, అక్కడి కూలీలు, దుకాణాలవాళ్ళు మాట్లాడే భాష వేరనీ ఆయనే చెప్పాడు. తానే వచ్చి నేర్పుతానన్నాడు. సాయంత్రం హేచరీ బస్సు దిగి నేరుగా మా వరండాలోకి వచ్చేవాడు. అమ్మ పెసరట్టు వేసేది. నేను పిన్ని పక్కన కూర్చుని, ఆమెకంటే ముందే మాటలు అప్పజెప్పేవాణ్ణి. అక్కడ కొట్టువాణ్ణి ‘వెసీ’ అంటారట, మనం అన్నా అన్నట్టు. ఏదైనా సాయం కావాలంటే ‘నో సేయా మలీతో’ అంటారట. మాటకు మాట చూస్తే చెడ్డవాడివి కాకు అని అర్థం, వాళ్ళకి మాత్రం అది దయచేసి అనడం. ఇవన్నీ నిజమైన మాటలే. వాటి మధ్యలో ఒకటి కలిపాడు.

మేం కృష్ణాజిల్లా వాళ్ళం అండీ లేకుండా పాలు పోసేవాడితో కూడా మాట్లాడలేం. పిన్ని అయితే టీవీలో వార్తలు చదివేవాళ్ళకి కూడా అవునండీ అని జవాబు చెప్పేది. అందుకే పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మన అండీ లాంటిది అక్కడ ఏముంటుందని ఆయన్ని అడిగింది. ఆయన కాస్త ఆలోచించినట్టు ఆగి, ఒక చిన్న మాట చెప్పాడు. వాక్యం చివర తగిలిస్తే చాలు, అక్కడి గ్వాయాకిల్ ఊరి చుట్టుపక్కల పెద్దవాళ్ళు మురిసిపోతారన్నాడు. ఇక్కడివాళ్ళకి అండీ అనే అలవాటు ఎంత గట్టిదో ఆయనకి తెలుసు, ఆయనా ఇక్కడివాడే. ఒకసారి చెబితే పిన్ని దాన్ని ప్రతి వాక్యానికీ అంటిస్తుందని లెక్క వేసుకునే ఇచ్చాడు.

వీడియో కాల్ ఇంకా వారం ఉందనగా, ఒక ఉదయం నేను బడికి తయారవుతుంటే పిన్ని ఈక్వడార్‌కి ఫోన్ చేసింది. ప్రయాణం ఖాయమైతే అక్కడ తాను ఉండబోయే ఇంట్లో వంటా వార్పూ చూసే పెద్దావిడకి, ఏమేం తెచ్చుకోవాలో అడగడానికి. గౌరవంగా, ప్రతి వాక్యం చివరా ఆ మాట పెట్టి మాట్లాడింది. రెండో వాక్యానికే అవతల పెద్ద నవ్వు. ఆ తర్వాత ఆ పెద్దావిడ చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా ఏదో చెప్పింది. పిన్ని ముఖంలో రంగు పోవడం నేను దువ్వెన చేత్తో పట్టుకుని చూశాను. ఆ మాటకి అర్థం నాకు కూడా చెప్పింది, కానీ ఇక్కడ రాయను. మన దగ్గర తాగి తగువాడుకునేవాళ్ళు కూడా ఆడవాళ్ళు వినకుండా అనే మాట అది.

ఆ సాయంత్రం ఆయన కాఫీలో ఉప్పు వేద్దామని నేను వంటింట్లోకి దూరాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు నాన్నా. ఉప్పేస్తే కాఫీ ఒక్కటే పాడవుద్ది.”

వరండాలోకి వెళ్ళి, రోజూలాగే ఎదురుగా కూర్చుని, ఆ మాటని ఆయన ముందే వాక్యాల చివర పెట్టి చక్కగా అప్పజెప్పింది. ఆయన బాగుంది చెల్లెమ్మా అన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అదే నవ్వు. అప్పటిదాకా ఆ నవ్వు చూసే ఆయన మంచివాడనుకున్నాను.

వీడియో కాల్ మా ఇంట్లోనే పెట్టారు. హేచరీ ఓనరు గారిది పక్క వీధే, మా ఇంట్లో నెట్టు బాగుండేది. సాయంత్రం ఏడింటికి, అంటే వాళ్ళకి పొద్దున్న, ఓనరు గారు వచ్చి సోఫాలో మా నాన్న పక్కన కూర్చున్నారు. అవసరమైతే అందిస్తానంటూ ఈక్వడార్ బాబాయి పిన్ని పక్క కుర్చీలో సర్దుకున్నాడు. తెరమీద మేనేజరు కనిపించింది, నడివయసు మనిషి. అక్కడ చదువుకున్నవాళ్ళని వాళ్ళ పట్టా పేరుతోనే పిలవడం మర్యాదని వంట పెద్దావిడ ముందే చెప్పింది. పిన్ని ఆవిడని ఇన్‌హెనియేరా, అంటే ఇంజనీరు గారూ అని పలకరించి, గడగడా మాట్లాడింది. ఎక్కడా ఆ మాట రాలేదు. పక్క కుర్చీ కిర్రుమంది.

మేనేజరు మెచ్చుకుని, ఎవరు నేర్పారని అడిగింది. పిన్ని ఆయన వైపు చెయ్యి చూపించి, స్పానిష్‌లో ఒక మాట చెప్పి, ఓనరు గారి కోసం అదే తెలుగులో చెప్పింది.

“మా అన్నయ్యగారే నేర్పారండీ. అక్కడ పెద్దవాళ్ళకి చివర్లో తగిలించే గౌరవం మాట కూడా చెప్పారు. నాకు సరిగ్గా పలకడం రావట్లేదు. అన్నయ్యగారూ, మేడమ్ గారితో ఒక్కసారి మీరనండి, విని దిద్దుకుంటాను.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇప్పుడెందుకులే అన్నాడు. శిష్యురాలు అడిగితే గురువు బిగుసుకోవడం ఏమిటని ఓనరు గారు ఆయన్నే కసిరారు. తెరమీద మేనేజరు చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. నెట్టు సరిగ్గా లేనట్టుందని ఆయన గొణిగాడు.

“నెట్టు శుభ్రంగా ఉంది. అనవయ్యా,” అన్నారు ఓనరు గారు.

ఆయన మెడ మీదుగా చెమట చొక్కా కాలరులోకి దిగింది. ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉందంటే, ఇంకాస్త సాగదీయాలనిపించింది.

“మర్చిపోయారా బాబాయ్? నేను చెప్పనా?” అన్నాను.

పిన్ని నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆయన మంచినీళ్ళంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అన్నేళ్ళు అక్కడ ఏం వెలగబెట్టాడయ్యా ఈయన అని ఓనరు గారు మా నాన్నతో అన్నారు, ఆయనకి వినపడేలాగే. పిన్ని ప్రయాణం ఆ కాల్‌లోనే ఖాయమైంది.

ఓనరు గారికి స్పానిష్ రాదు కాబట్టి అసలు విషయం తెలియలేదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఈక్వడార్ బాబాయి పిన్నిని ఆపి, బుద్ధి గడ్డి తిందనీ, ఓనరు గారి చెవిన వేయొద్దనీ బతిమాలాడు. పిన్ని అవుననలేదు, కాదనలేదు.

“రేపు రండి అన్నయ్యగారూ. అసలు మాటలింకా మొదలెట్టనే లేదుగా,” అంది.

వచ్చాడు. పిన్ని బయల్దేరే వరకూ రోజూ వచ్చాడు. చెరువు గట్టు మాటలు, బస్సులో మాటలు, బేరం ఆడే మాటలు, ఎగతాళి మాటలు, అవి పడ్డప్పుడు తిరిగి అనాల్సినవీ ఒక్కొక్కటే ఆయన దగ్గర రాబట్టింది. ముందు రోజు చెప్పినవి వంట పెద్దావిడ దగ్గర సరిచూసి, నిన్నటివన్నీ నిజమేనంది అన్నయ్యగారూ అని తీయగా చెప్పి పాఠం మొదలుపెట్టేది. పళ్ళెంలో పెసరట్టు అలాగే పెట్టేది. ఆయన ఒక ముక్క తుంచి వదిలేసేవాడు. అల్లం పచ్చడి ఘాటు ఎక్కువైందేమోనని మా అమ్మ పాపం పచ్చడి మార్చి చూసింది.

ప్రయాణం రోజు గన్నవరం ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళడానికి ఓనరు గారే కారు తెచ్చారు. ఈక్వడార్ బాబాయి కూడా పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. పెట్టెలు సర్దాక, పిన్ని ఓనరు గారికి నమస్కారం పెట్టి, ఆ గౌరవం మాటకి అర్థం పచ్చి తెలుగులో చెప్పింది. ఎవరు నేర్పారో, ఎందుకు నేర్పారో కూడా చెప్పింది. గొంతు పెంచలేదు.

పూలగుత్తి పట్టుకున్న మనిషి అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది.

“చెప్పనన్నావు కదా తల్లీ.”

“ఎప్పుడన్నాను అన్నయ్యగారూ?”

నేను కూడా గుర్తు చేసుకుని చూశాను. ఆమె అనలేదు. కారు కదిలింది. ఆ నెలలోనే ల్యాబు పెత్తనం ఆయన చేతిలోంచి పోయింది. బామ్మర్ది ఎప్పటికీ విమానం ఎక్కలేదు. వీధిలో ఆయన పేరు ముందు నుంచి ఈక్వడార్ జారిపోయింది.

కావలసిందంతా నేర్చుకున్నాక కూడా అంత దూరం లాగాలా అని అమ్మ ఫోన్‌లో పిన్నిని మందలించింది. వదిలేస్తే ఇంకో పిల్లకి నేర్పుతాడక్కా అంది పిన్ని. అందుకేనా అని అమ్మ గుచ్చి అడిగింది.

“అందుకు కూడా,” అంది పిన్ని.

ఇప్పుడు నేను సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నాను. పనిమీద పెరూ వెళ్ళాల్సి వచ్చి, అక్కడి వీధి మాటలు నేర్చుకుంటున్నాను. ఎవరు ఏ మాట నేర్పినా, నా వల్ల లాభం గానీ నష్టం గానీ లేని మరో మనిషి దగ్గర దాన్ని సరిచూసుకున్నాకే నోట్లో పెట్టుకుంటాను. ఇది నేను పైకి చెప్పుకునే పాఠం. చెప్పుకోనిది ఇంకొకటి ఉంది. నాకు ద్రోహం చేసినవాడు ఎదురుపడి తప్పైపోయిందంటే నేను కుర్చీ వేస్తాను, కాఫీ ఇస్తాను, వాడికి తెలిసినదంతా శ్రద్ధగా వింటాను. క్షమించానని మాత్రం ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.