జొన్నచేలో నాము

కోసిన జొన్న మోళ్ళ నుంచి లేచే లేత పిలకలను నాము అంటారు. అది మేసిన పశువు గడియ తిరక్కుండా పడిపోతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాకూ తెలుసు.

పోలీసు చర్యకు కొద్ది రోజుల ముందు రజాకార్లు ఇబ్రహీంపట్నం దగ్గరున్న మా చేలో పడి, ఇంకా కంకి వేయని జొన్నను గుర్రాల మేతకని కోసుకుపోయారు. అడ్డుకోవడానికి బాపు ఇంట్లో లేడు. సంఘంలో కలిసి అడవిపట్టి ఐదు నెలలైంది. ఆయన వెళ్ళినప్పుడు తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. పుట్టాక అమ్మకు జ్వరం తగిలి పాలు ఇగిరిపోయాయి. కొట్టంలో ఉన్న ఒక్క ఆవు పాలతోనే వాడు బతుకుతున్నాడు.

"బాపు రానీ, ఆయనే పేరు పెడతడు" అనేది అమ్మ. అందాకా వాడు ఉత్త చిన్నోడే.

రజాకార్ల భయంతో ఆవును అంతకుముందు నుంచే నెలరోజులుగా కొట్టం దాటనివ్వలేదు. గడ్డి అయిపోయింది. పట్నంలోకి సైన్యం వచ్చిందన్న కబురు అందిన పొద్దున ఊరంతా బజారులో ఉంది. ముందు రోజే మంచి వాన పడింది. వాన పడితే నాము విషం విరుగుతుందని పెద్దవాళ్ళు అనేవాళ్ళు. వాన పడ్డాక కూడా వారం ఆగాలని అమ్మ చెప్పేది. నాకు మొదటి మాటే గుర్తుంది, రెండో మాట గాలికి పోయింది. ఆవు డొక్కలు చూడలేక, అమ్మను అడగకుండా, పలుపు విప్పి చేలోకి తోలాను.

ఎంత ఆత్రంగా మేసిందో! చూసి మురిసిపోయాను కూడా, తెలివితక్కువదాన్ని. కాసేపటికే రొప్పడం మొదలుపెట్టింది. నోట్లో నురగ వచ్చింది. ముందుకాళ్ళు మడిచి కూలబడింది. నా అరుపులకు అమ్మ చిన్నోడిని చంకనేసుకుని ఉరికొచ్చి బెల్లం నీళ్ళు పోసింది. ఆవు మింగలేదు.

పక్కింటి మేకపాలు, గంజినీళ్ళు పట్టినా చిన్నోడు ఇరవై రోజులే ఉన్నాడు. వాడిని పూడ్చిన వారానికి బాపు వచ్చాడు.

ఖాళీ కొట్టం ముందు నిలబడి, "ఆవును నాముల ఎవరు ఇడిసిండ్రు?" అని అడిగాడు.

అమ్మ నావైపు ఒక్కసారి చూసింది. "నేనే తోలిన. సోయి లేకపాయె" అంది.

బాపు కొట్టలేదు, తిట్టలేదు. కానీ తర్వాత ఎన్ని పశువులు కొన్నా, అమ్మ చేతికి పలుపు ఇవ్వలేదు. ఆమె పాలచెంబుతో కొట్టంలోకి వస్తే, చెంబు తీసుకుని తానే పిండేవాడు. పాలు పిండటంలో మా ఊళ్ళో అమ్మను మించినవాళ్ళు లేరు. ఆ చేతులు ఊరికే కొంగు మెలిపెడుతుంటే గడపలో నిలబడి చూసేదాన్ని. తోలింది నేనని చెప్పాలి. రేపు చెబుదాం అనుకునేదాన్ని. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. బాపు పోయాడు. నేను చెప్పలేదు.

నేను వృక్షశాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెప్పాను. రిటైరయ్యే ముందు కొత్త సంగతులు చదవాల్సి వచ్చింది. ఆకుకు గాయమైతే మొక్క ఊరుకోదట. గాయం దగ్గర జాస్మోనిక్ ఆమ్లమనే హార్మోన్ తయారవుతుంది. కబురు ఈనెల వెంట నిమిషాల్లో మిగతా ఆకులకు చేరుతుంది. మొక్క పెరగడం తగ్గించి, తనను తినేవాళ్ళకు పెట్టే విషం సిద్ధం చేసుకుంటుంది. జొన్నలో ఆ విషం లేత పిలకల్లో ఎటూ ఎక్కువ. పైగా హార్మోన్ కబురు అందితే మరింత తయారవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను ఆకుల చదువే చదివాను మరి.

ఆ ఆదివారమే ఊరికి పోయాను. మంచంలో ఉన్న అమ్మకు పాఠం చెప్పినట్టే అంతా చెప్పాను. కోతపడ్డ చేను తనను తాను కాచుకుందనీ, ఇందులో మనిషి తప్పు లేదనీ అన్నాను. ఈ మాటతో అమ్మ బరువు దించుతున్నాననుకున్నాను. దించుకోవాలనుకున్నది నా బరువని ఇప్పుడు సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

అమ్మ ఓపిగ్గా విన్నది. "ఒక ఆకును తెంపితే గా కబురు పక్క ఆకుకు చెప్తదా?" అని అడిగింది.

"అవ్ అమ్మా, చెప్తది."

నా చెయ్యి పట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆవు సంగతి నేనెన్నడో ఇడిసిపెట్టిన బిడ్డా. 'మా అమ్మ తోలలేదు' అని ఒక్కనాడన్న మీ బాపుతోని చెప్తవేమోనని, ఆయన పానం పోయేదాక నీ దిక్కే చూసిన."