నేను రాసిన మిలాన్

ఈ ఉదయం సైన్స్ పార్క్ క్యాంటీన్‌లో ఖాళీ కుర్చీ మీద ఎవరిదో టిష్యూ ప్యాకెట్ ఉంది. ఈ దేశంలో సీటు చోప్ చేసుకోవడమంటే, అంటే ముందే పట్టిపెట్టుకోవడమంటే, అదే. ఎవరూ దాన్ని కదపలేదు.

మా క్లయింటు మిలాన్‌లో ఒక బ్యాంకు. వెళ్ళే బృందం కోసం నగర పరిచయం తయారు చేయమన్నారు. ఇష్టంగా చదివి రాశాను: బ్యాంకులు, ఫ్యాషన్ వ్యాపారం, వందల ఏళ్ళు కట్టిన పాలరాతి చర్చి, మఠం భోజనశాల గోడ మీది క్రీస్తు చివరి విందు చిత్రం. బృందంలో నేనూ ఉన్నానన్నారు.

మధ్యాహ్నం మీటింగులో నేను రాసినదాన్ని మా టీములోని కిరణ్ చదివి వినిపించాడు.

"నువ్వు నోరు విప్పవు కదమ్మా, క్లయింటు ముందు ఎలా? నీ బదులు కిరణ్ వెళ్తాడులే," అన్నారు మేనేజర్ ప్రసాద్ గారు.

"సరే సర్," అన్నాను.

బయటికొచ్చాక, ఇక్కడే పుట్టి పెరిగిన మా ఆఫీసు సుజాత, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి నవ్వింది. "టిష్యూ ప్యాకెట్ పెట్టుండాల్సింది లా, అక్కా!"

సాయంత్రం కిరణ్ నా టేబుల్ దగ్గరికొచ్చాడు. "అంతా బాగుంది గానీ, అక్కడ కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో రాయలేదేం?"

కనుక్కుని చెప్తానన్నాను. మీరైతే ఏమనేవాళ్ళు?

మా ఏలూరు కాన్వెంట్‌లో నాకు ఇటాలియన్ నేర్పిన సిస్టర్ ఇప్పుడు మిలాన్‌లో ఉన్నారు. మంచం మీద ఉన్నారు. వస్తున్నానని నిన్ననే ఫోన్ చేసి చెప్పాను.