ఎడమచేతి నీళ్ళు

మా మేడమీద సినిమాకి ఒకే ఒక్క షరతు ఉంది. ఆట అయిపోయి లైట్లు వెలిగాక వరసగా అందరూ ఒక్కో మాట చెప్పాలి. ఏం చూశారో అదే చెప్పాలి, ఏమనుకున్నారో చెప్పకూడదు. ఆ షరతు పెట్టింది నేనే. ముప్ఫై ఏళ్ళు రాజమండ్రిలో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. మైక్రోస్కోపు కింద కాడ ముక్క పెట్టించి, "కనబడింది గీయండి, పుస్తకంలో ఉన్న బొమ్మ గీయకండి" అని పిల్లల్ని ముప్పుతిప్పలు పెట్టిన మనిషిని.

షరతు ఊరికే పెట్టలేదు. మొట్టమొదటి ఆదివారం పన్నెండు నిమిషాల సినిమా వేస్తే ఒక పెద్దాయన లేచి దాని గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. మా గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ కదా, ప్రతి వాక్యం చివరా అండీ పెడుతూనే ప్రాణం తీస్తారు. ఆపమని చెప్పడానికి మనకీ మర్యాద అడ్డం. ఆ సాయంత్రమే తేల్చి చెప్పేశాను, ఇకమీదట ఎవరైనా సరే చూసింది ఒక్కటి చెప్పి కూర్చోవాలని.

హాలు అనడం గొప్పకే గానీ అది మెయిన్ రోడ్డు పక్క సందులో మేడమీద గది. ఒకప్పుడు అక్కడ కంప్యూటర్ కోచింగ్ నడిచేది. తెల్లరంగు వేసిన గోడే తెర. పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, మూలన బల్ల మీద స్టీలు జగ్గు, నాలుగైదు గ్లాసులు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆట. కిటికీలకి నల్లగుడ్డ కడితే లోపల ఉడికిపోతాం. అయినా జనం వచ్చేవారు.

దీన్ని మొదలుపెట్టింది నేను కాదు, ఒకమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గరపడింది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. రెండేళ్ళ కిందట సాయం అడగడానికి మా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, "మాది కూడా మీ ఊరేనండి మేడమ్. మా అమ్మ మీ చేలోకి ఊడ్పులకీ కోతలకీ వచ్చేదండి" అంది. మా ఊరు కొవ్వూరుకి దిగువన కాలవగట్టు మీద ఉంటుంది. ఆ అమ్మాయి ఊరి చివర పేట నుంచి చదువుకుని పైకొచ్చిన పిల్ల అని ఆ ఒక్క మాటతో అర్థమైంది. నాకు సంతోషం వేసింది, దాంతోపాటే ఏదో కంగారు పుట్టింది. ఆ కంగారులో, తను అడక్కుండానే, "మా ఇంట్లో ఆ తేడాలు ఉండేవి కాదమ్మా. మా నాన్నగారు అందర్నీ ఒకేలా చూసేవారు" అన్నాను.

"అలాగాండి" అంది. కాఫీ కప్పు తనే సింకు దగ్గరకి తీసుకెళ్ళి కడిగి బోర్లించి వెళ్ళింది.

తర్వాత మేమిద్దరం కలిసి గోడకి రంగు వేయించాం, కుర్చీలు మోయించాం, కరెంటు పోయిన రోజున కలిసి తిట్టుకున్నాం. మావారు పోయాక ఈ ఊళ్ళో నాకు అంత దగ్గరైన మనిషి ఇంకొకరు లేరు. ఆ రోజు నేను అన్న మాటని తను నమ్మింది కాబట్టే ఈ స్నేహం నిలిచిందని నా నమ్మకం. అందుకే ఆ మాటని సందు దొరికినప్పుడల్లా మళ్ళీ చెబుతూ ఉండేదాన్ని.

ఒకసారి నా చిన్నతనం ముచ్చట కూడా చెప్పాను. నాది పుర్రచెయ్యి. ఎడమచేత్తో కంచం ముట్టుకుంటే మా నాయనమ్మ విసనకర్ర కాడతో వేళ్ళ ముణుకుల మీద కొట్టేది. ఎవరికి ఏది అందించాలన్నా కుడిచేత్తోనే. ఎడమచేత్తో ఇస్తే అవతలి మనిషిని అవమానించినట్టే అనేది. ఆ దెబ్బలకి ఎంత అలవాటు పడ్డానంటే, తర్వాత క్లాసులో పిల్లలకి సుద్దముక్క ఇవ్వాలన్నా ముందు కుడిచేతిలోకి మార్చుకుని ఇచ్చేదాన్ని. "ఒక్క చోట మాత్రం నా ఎడమచేతిని ఎవరూ ఏమీ అనేవారు కాదమ్మా. మధ్యాహ్నం పెరటి అరుగు మీద పనివాళ్ళకి నీళ్ళు ఇచ్చేటప్పుడు. అక్కడ నాకు పూర్తి స్వేచ్ఛ" అని నవ్వుతూ చెప్పాను. తను కూడా నవ్విందనే అనుకున్నాను.

ఈ ఏడు వానాకాలంలో ఎనిమిది ఆదివారాలు కథ లేని సినిమాలు, సర్కారు మీదా సంఘం మీదా కడుపు మండి తీసిన సినిమాలు వేద్దామని తనే అంది. కథ లేకపోతే మనవాళ్ళు ఎవరొస్తారన్నాను. "తెర కనబడితే చాలండి, మనోళ్ళు కూర్చుంటారు" అంది. అదే జరిగింది. రావులపాలెం నుంచి అరటిగెలల వ్యాపారం చేసే ఆయన ఒకరు ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవారు. ఒక సినిమాలో ముప్పావుగంట సేపు నీళ్ళు తప్ప ఇంకేం లేదు. ఆయన వంతు రాగానే లేచి, "నీళ్ళు చూశానండి. మధ్యలో ఒక కాకి వచ్చింది, దాన్ని చూశాను. మళ్ళీ నీళ్ళేనండి" అని కూర్చున్నారు. ఆ రోజు ఆయనంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

మిగతా సినిమాలకి మాత్రం నాకు ఒళ్ళు మండిపోయేది. మూతబడ్డ మిల్లు ముందు కూర్చున్న కార్మికులు, డ్యాము కింద మునిగిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివే ముసలామె. మెట్లు దిగుతూ, ఇలాంటి మనుషులు కూడా ఉంటారా, వీళ్ళకి నిద్రెలా పడుతుంది అని ఆ అమ్మాయి బుర్ర తినేసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ కోపం నాకు హాయిగా ఉండేది. ఎవరో దుర్మార్గుల మీద కోపం కదా.

ఎనిమిదో ఆదివారం తను వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూ, "బాగున్నారాండి అమ్మాయిగారూ" అంది నన్ను. అరవైకి దగ్గరపడ్డ నన్ను అమ్మాయిగారూ అనేవాళ్ళు ఇంకా ఉన్నారని నాకు ముచ్చటేసింది. చెయ్యి పట్టుకుని మొదటి వరసలో కూర్చోబెట్టాను.

ఆ అమ్మాయి తెర ముందు నిలబడి సినిమా గురించి రెండు ముక్కలు చెప్పింది. ఎప్పుడో ఎవరో విద్యార్థి మన డెల్టాకి వచ్చి, కూలిరేట్ల గొడవ నడిచే రోజుల్లో తీశాడట. నలుపు తెలుపు, ఇరవై నిమిషాలు, శబ్దం లేదు. ఏ ఊరో ఎక్కడా రాయలేదట.

మొదట చేలు కనబడ్డాయి. వంగి కోస్తున్న ఆడవాళ్ళ వీపులు, పనలు, బురద పట్టిన పాదాలు. గట్టు మీద మగవాళ్ళు చేతులు ఊపుతూ వాదించుకుంటున్నారు. ఆ తర్వాత ఒక పెరడు. అరుగు కింద మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. కెమెరా దగ్గరకి వెళ్ళింది. తెర నిండా దోసిలి పట్టిన చేతులు, వాటిలోకి పైనుంచి సన్నగా పడుతున్న నీటిధార. దోసిలి నోటికి ఆనించుకుని, వంగి తాగుతోంది ఒకామె. చెంబు ఆ చేతులకి మూరెడు ఎత్తున ఉంది. ఆమె తర్వాత ఇంకొకరు వచ్చారు. మళ్ళీ అదే ఎత్తు.

ఎంత అన్యాయమో అని పక్కావిడతో గుసగుసగా అన్నాను. సరిగ్గా అప్పుడే కెమెరా నెమ్మదిగా పైకి లేచింది.

అరుగు మీద తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు జేబుల గౌను, మడిచి కట్టిన రెండు జడలు. ఎడమచేత్తో సత్తు చెంబు పట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్క చుక్క పక్కన పడకుండా పోస్తోంది. కెమెరాని చూసి నవ్వింది. ముందు పన్ను లేదు. ఆఖరి మనిషి తాగి పక్కకి తప్పుకున్నాక ఆ పిల్ల చెంబుని పెరటి గోడ మీద బోర్లించి, చేతులు దులుపుకుని ఇంట్లోకి పరిగెత్తింది.

ఆ గౌను మా అమ్మ కుట్టింది. ఆ చెంబు ఒక్కనాడు కూడా ఇంట్లోకి రాలేదు, గోడ మీదే ఉండేది. యాభై ఏళ్ళలో ఒక్కసారైనా అది అక్కడెందుకు ఉండేదని నేను అడగలేదు. మా అమ్మ మాట చెవిలో వినబడింది. "పైనుంచి పొయ్యి, చెంబు తగలనీకు." చుక్క కింద పడకపోతే నాన్నగారు శభాష్ అనేవారు. అంతా జ్ఞాపకమే ఉంది. అందులో ఉన్న మనుషులే నాకు జ్ఞాపకం లేరు. ఎడమచేత్తో ఇస్తే అవమానం అని కొట్టిన నాయనమ్మ ఆ అరుగు మీద నన్ను ఎందుకు కొట్టలేదో అప్పుడు అర్థమైంది. అవమానించకూడని మనుషుల్లో వాళ్ళని మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. దాన్ని నేను స్వేచ్ఛ అనుకున్నాను. పైగా ఆ ముచ్చటని ఈ అమ్మాయికే చెప్పి నవ్వాను.

లైట్లు వెలిగాయి. వరస మొదలైంది. ఒకరు పాదాలు చూశామన్నారు, ఒకరు పనలు అన్నారు. అరటిగెలల ఆయన లేచి, "ఆ పాపది పుర్రచెయ్యండి. అది చూశాను" అన్నారు. నా వంతు వచ్చింది. ఆ అమ్మాయి ప్రొజెక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి నావైపే చూస్తోంది. నేనే అని చెప్పెయ్యాలి. చెబితే రెండేళ్ళుగా నేను అంటూ వచ్చిన మాట అబద్ధమని తేలిపోతుంది, తను ఇక నా గడప తొక్కదు.

"ఒక పాప నీళ్ళు పోయడం చూశాను" అన్నాను. షరతు ప్రకారం అది నిజమే. నేను పెట్టిన షరతు వెనకే నేను దాక్కున్నాను.

ఇంకెవరూ నా మొహం చూడకుండా ఉండాలని లేచి జగ్గున్న బల్ల దగ్గరకి వెళ్ళాను. వాళ్ళమ్మగారు మొదటి వరసలోంచి, "దాహంగా ఉందండి" అంది. గ్లాసులన్నీ ఎవరెవరి చేతుల్లోనో ఉన్నాయి. ఒక్క గ్లాసన్నా ఖాళీ అవుతుందేమోనని వెనక్కి చూసి, జగ్గు పట్టుకుని ఆవిడ ముందుకి వచ్చాను. గ్లాసు లేదని గమనించి ఆవిడ కుర్చీలో ముందుకి వంగి దోసిలి పట్టింది.

నేను పోశాను. ఆవిడ గుక్కలు మింగుతోంది. తలెత్తి చూస్తే అందరూ నా చేతివైపు చూస్తున్నారు. అప్పుడు నేనూ చూసుకున్నాను. జగ్గు నా ఎడమచేతిలో ఉంది. ఆవిడ దోసిలికి మూరెడు ఎత్తున ఉంది. ధార సన్నగా, తిన్నగా పడుతోంది.

సుద్దముక్కని కూడా కుడిచేతిలోకి మార్చుకునేదాన్ని. ఆ మనిషి ముందు నా చెయ్యి మారలేదు. దానికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అంతకన్నా భయంకరమైన సంగతి నా జీవితంలో నాకు తెలియలేదు. పోయడం ఆపుదామంటే ఆవిడ ఇంకా తాగుతోంది.

వరసలో ఆఖరి వంతు ఎప్పుడూ ఆ అమ్మాయిదే. తను గొంతు పెంచలేదు.

"నేను ఒకే సంగతి రెండుసార్లు చూశానండి" అంది.

జగ్గు దించాను. "ఆ పాప నేనే" అన్నాను. షరతు తప్పి ఇంకా ఏదేదో అన్నాను. మా ఇంట్లో తేడాలు లేవని నీతో అన్నది అబద్ధం అన్నాను, అబద్ధమని నాకే తెలియదన్నాను, ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఇంకా సిగ్గేసింది. తను పుస్తకం తీసి ప్రతి ఆదివారం రాసుకున్నట్టే అందరూ చూసినవి రాసుకుంటోంది. నాది కూడా రాస్తోంది.

వాళ్ళమ్మగారు చీరకొంగుతో మూతి తుడుచుకుని, "తెలుసండి అమ్మాయిగారూ. బాగా పోసేవోరండి మీరు. మీ అన్నగారు పోస్తే సగం మట్టిలోకే పోయేవండి" అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

"ఇంకా కావాలాండి?" అని అడిగాను. ఆవిడని అండీ అనడం నాకు అదే మొదటిసారి. కావాలంది. వెళ్ళి ఒక గ్లాసు కడిగి నింపి, కుడిచేత్తో తెచ్చి ఇచ్చాను. ఆవిడ గ్లాసు వంక ఒకసారి చూసింది, నా వంక ఒకసారి చూసింది. రెండు చేతులతో అందుకుంది. తల వెనక్కి వాల్చి, గ్లాసుని పైకెత్తి, అంచు పెదవికి తగలకుండా నీళ్ళన్నీ గొంతులోకి పోసుకుంది. ఒక్క చుక్క కింద పడలేదు.