బొటనవేలి గోరుతో ఎంచిన టైర్లు

పోయిన మంగళవారం పొద్దున మా బావమరిది అంకాపూర్ నుంచి ఫోన్ చేసి, తన కారుకు నాలుగు టైర్లూ అరిగిపోయాయని, నేను దగ్గరుండి ఎంచితే తప్ప తనకు తృప్తిగా ఉండదని అన్నాడు. నాకు డెబ్బై ఆరేళ్లు. ఆర్మూరు పాత బస్టాండు దగ్గరి నా టైర్ల దుకాణం మూసి పద్నాలుగేళ్లయింది. ఇన్ని జరిగాక కూడా ఆ మనిషి టైర్ల కోసం నన్నే అడుగుతున్నాడంటే సంతోషించాలో సిగ్గుపడాలో తోచక, వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

హైవే పక్కన ఇప్పుడొక అద్దాల షోరూం వెలిసింది. లోపల చల్లగా ఉంటుంది, రబ్బరు వాసన కూడా రాదు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తెర మీద ఒక పట్టిక చూపించి, ఏ టైరు తడి రోడ్డు మీద ఎంత పట్టు ఇస్తుందో, ఏది ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పి, కారు వేగంగా నడుపుతారా, ఊళ్లోనే తిప్పుతారా అని అడిగింది. నేను అలవాటు కొద్దీ టైరు మీద బొటనవేలి గోరు నొక్కి చూశాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. అంతే, నా పాత జబ్బు తిరగబెట్టింది. మద్రాసు రేసుల్లో ఉరికిన కారుకు టైర్లు ఎంచినవాణ్నమ్మా నేను, మా బండి రెండో స్థానంలో పోతుండగా వెనుక కారు వాడు వచ్చి తగిలించాడు గానీ, లేకపోతే కప్పు ఆర్మూరుకే వచ్చేది అని మొదలుపెట్టాను. పక్కనున్న బావమరిది ఎప్పటిలాగే ఔనన్నట్టు తల ఊపాడు. ముప్ఫై అయిదేళ్లుగా ఊపుతున్నాడు. ఈసారి ఆ తల ఊపడం చూస్తే నాకు ఎక్కడలేని అలసట వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్లు చదివితే చాలు.

ఎనభైల్లో నిర్మల్ నుంచి నిజామాబాద్ దాకా టైర్ల గురించి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. సరే, మా బస్టాండు చుట్టే మరో ఇద్దరుండేవారు, వాళ్లలో ఒకరికి నాకంటే మంచి జాకీ కూడా ఉండేది. కానీ యార్డుకు పసుపు తోలే లారీలవాళ్లు, జీపులవాళ్లు నా దగ్గరికే ఎక్కువగా వచ్చేవారన్నది మాత్రం అబద్ధం కాదు. దానికి కారణం నా గోరు. మా నాయన మార్కెట్ యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర సరుకు చూసేవాడు. కుప్పలోంచి ఒక పసుపు కొమ్ము తీసి గోరుతో నొక్కేవాడు, తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. గోరు దిగకుండా, టప్పున విరిగితే ఎండిన సరుకు. గోరు దిగితే పచ్చిది, పక్కన పెట్టించేవాడు. గట్టిది మంచిది, మెత్తది చెడ్డది. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను టైర్ల దుకాణం పెట్టాను. లారీ టైర్లకు, ట్రాలీ టైర్లకు అది సరిపోయింది కూడా. దాంతో లోకంలో అన్ని టైర్లకూ సరిపోతుందనుకున్నాను.

మా బావమరిది అంటే నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఎర్రజొన్న విత్తనం పండించి రెండు పంటలు బాగా కలిసొచ్చేసరికి, హైదరాబాదు పోయి ఒక పాత హెరాల్డు కారు కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు, పైకప్పు మడిచి వెనక్కి నెట్టవచ్చు, ఎర్ర రంగు. ఇంజనంతా విప్పించి మళ్లీ బిగించుకున్నాడు. అది యార్డు రోడ్డులోకి వస్తే హమాలీలు బస్తాలు దించి మరీ చూసేవారు. మా మామగారికి మాత్రం అది కంట్లో నలుసు. మద్రాసు దగ్గర రేసులకు పేరిచ్చానని కొడుకు చెప్పిన రోజు, ఆయన అన్నం ముందు కూర్చుని ఒక్కటే మాట అన్నాడు.

"మొదటి ముగ్గుర్ల వస్తె బండి నీది. రాకుంటె దాన్ని అమ్మి చేన్ల నిలబడు. మల్ల దాని ముచ్చట నా ముందట తియ్యద్దు."

అక్కడి నుంచి మా బావమరిదికి నిద్ర లేదు. అతను పొలం వద్దన్న మనిషి కాడు. కానీ స్టీరింగు పట్టుకున్నప్పుడు అతని ముఖంలో కనిపించే వెలుగు ఇంకెక్కడా కనిపించేది కాదు, పెళ్లి పీటల మీద కూడా.

సమస్యల్లా టైర్లదే. కారును లారీ మీద తీసుకుపోయే తాహతు లేదు. ఆర్మూరు నుంచి మద్రాసు దాకా దాన్ని నడుపుకుంటూనే పోవాలి, అక్కడ రేసులో ఉరికించాలి, మళ్లీ నడుపుకుంటూ రావాలి. గతుకుల రోడ్డుకు ఒక రకం కావాలి, ట్రాకు మీద మలుపులకు ఒక రకం కావాలి. రేసులు మానేసిన ఒక పెద్దమనిషి దగ్గర బావమరిది నాలుగు రేడియల్ టైర్లు రిములతో సహా సంపాదించుకొచ్చాడు. గాడులు లోతు లేవు, అరచేయి పెడితే అంటుకున్నట్టు ఉంది. నేను గోరు నొక్కాను. సుతారంగా దిగింది.

"గిది ఎండని పసుపు బామ్మర్దీ! యార్డుకు తెస్తె ఎవ్వడు కొనడు," అన్నాను, దుకాణం ముందున్న నలుగురూ వినేటట్టు.

"కారు ఉరుకాలె గని, దాన్ని దంచుకొని కూరల ఏసుకుంటమా బావా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు లోపల గుచ్చుకుంది.

టాక్సీలకు వేసే గట్టి నైలాన్ టైర్లు నాలుగు తీసి, గోరు దిగకపోవడం అందరికీ చూపించి బిగించాను. చివరికి, దారికి నావి, ట్రాకుకు అతనివి అని ఒప్పందానికొచ్చాం. మెత్తటివి నాలుగూ వెనుక సీటు మీద పేర్చి సుతిలి తాడుతో కట్టాం. దారి పొడుగునా నా టైర్లు ఒక్క పంక్చరు కూడా కాలేదు. ఆ సంగతి ఊరూరికీ అతనికి గుర్తు చేశాను.

మద్రాసు అవతల, ఒకప్పుడు విమానాలు దిగిన మైదానమట, అక్కడ ట్రాకు. మిగతా బళ్లవాళ్లు మా నైలాన్ టైర్లు చూసి ఇంగ్లీషులో ఏదో అనుకుని నవ్వారు. నేను నవ్వులు లెక్కచేయని మనిషిలా బీడీ ముట్టించాను, కానీ నా కళ్లు వాళ్ల చేతుల మీదే ఉన్నాయి. బండి ఒక చుట్టు తిరిగి రాగానే వాళ్లు టైరు మీద అరచేయి ఆనించి చూస్తున్నారు, పెనం వేడెక్కిందో లేదో చూసినట్టు. మెత్తబడి, కాస్త జిగురుగా అంటుకుంటే సంతోషంగా తల ఊపుతున్నారు. అప్పుడు, ఆ క్షణంలోనే, నాకు అర్థమైపోయింది. ఇక్కడ మెత్తదే మంచిది. మా నాయన గోరు ఇక్కడ పనికిరాదు. ఇది తెలియక చేశానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను, కాదు, తెలిసింది.

సరిగ్గా అప్పుడే బావమరిది హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చి, మెత్తటివి మార్చేద్దాం అన్నాడు. పది నిమిషాల పని. జాకీ నా చేతిలోనే ఉంది. కానీ ఆ నవ్విన వాళ్లందరి ముందు నా టైర్లు నా చేతులతో ఊడదీయాలి. ఊరికి పోయాక దుకాణం ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

"మెత్తటియి వద్దు బామ్మర్దీ. ఒకదానికి లోపలి పక్క ఉబ్బు లేసింది. స్పీడుల పలుగుతది," అన్నాను.

ఉబ్బు లేదు. నాలుగు టైర్లూ నిక్షేపంలా ఉన్నాయి. సీటు మీంచి కిందికి దించి పెట్టిన వాటికి ఒక్క అడుగు దూరంలో అతను నిలబడి ఉన్నాడు. వంగి చూస్తే చాలు. వంగలేదు.

"గట్లనా? సరె తియ్ బావా. నీకంటె ఎవలికి ఎర్క," అని పోయి కార్లో కూర్చున్నాడు.

రెండో స్థానం మాట ఒట్టి అబద్ధం. పదకొండు బళ్లలో మాది ఎనిమిదో స్థానంలో పోతోంది. వెనుక నుంచి ఎవరూ తగిలించలేదు కూడా. మూడో చుట్టులో, దూరపు మలుపు దగ్గర, ఆరబోసిన పసుపు కొమ్ముల మీద కాలు పెట్టిన మనిషిలా ఆ ఎర్ర కారు అడ్డంగా జారిపోయి, పక్కన పేర్చిన డ్రమ్ములకు కొట్టుకుంది. నేను పరుగెత్తి వెళ్లేసరికి అతను కుడి మోచేయి ఎడమ చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. కారును అక్కడే ఉంచి, కట్టు కట్టించుకుని రైలెక్కి వచ్చాం. ఎముక అతికింది గానీ మోచేయి పూర్తిగా చాపుకోవడం మళ్లీ రాలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే రెండో స్థానం కథ నా నోటి నుంచి అదంతట అదే వచ్చింది. మామగారు కొడుకు వైపు చూశారు. బావమరిది తల ఊపాడు. కొడుకును ప్రాణాలతో తెచ్చిన అల్లుణ్నని మా అత్తగారు ఆ రోజు నాటుకోడి కోసి, మంచి ముక్కలన్నీ నా కంచంలోనే వేసింది. నేను అన్నీ తిన్నాను. నెల తిరక్కుండా కారు అమ్మేశారు. మామగారు అన్న మాట ప్రకారం దాని ముచ్చట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నేను తప్ప.

తెలిసిన లారీవాళ్లు మద్రాసు నుంచి తెచ్చిపెట్టిన ఆ మెత్తటి టైర్లను బావమరిది పారేయలేదు. పొలంలో మందు కొట్టే ట్యాంకు బండికి బిగించుకున్నాడు. బిగించేటప్పుడు నాలుగింటినీ చేత్తో తడిమి చూసి ఉంటాడు. అవి ఏడేళ్లు తిరిగాయి, ఉబ్బు లేదు, పగుళ్లు లేవు. నేను పండక్కి పోయినా పబ్బానికి పోయినా వాకిట్లో ఆ బండి నా ఎదురుగానే ఉండేది. నేను దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ని. అతను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఏదో మరో కథ చెప్పేవాణ్ని, అది నాకు తెలుసు, బహుశా అతనికీ తెలుసు.

మళ్లీ షోరూంలోకి వస్తాను. ఆ అమ్మాయి రెండు టైర్లు ముందు పెట్టి ఏది కావాలో చెప్పమంది. నా గోరుకు గట్టిదే నచ్చింది, ఈ వయసులో కూడా.

"నన్ను నమ్మకు బామ్మర్దీ. ఒక్కసారి వంగి నీ కండ్లతోని సూస్కో," అన్నాను.

"ఇప్పుడు నా నడుం ఏడ వంగుతది బావా? నువ్వే సూడు. నువ్వు ఏదంటె గదే," అన్నాడు.

నేను ఆ పిల్లనే అడిగి, ఆమె చూపించినవే వేయించాను. ఇప్పుడు ఎవరి గోరూ అక్కర్లేదు, ఎవరి మాటా నమ్మక్కర్లేదు, అంతా తెర మీదే ఉంటుంది. రోజులు పాడైపోయాయని, మనిషి మాటకు విలువ లేకుండా పోయిందని నేను టీ కొట్ల దగ్గర చాలాసార్లు వాపోయాను. నా మాట నమ్మి ఒకడు వంగకుండా పోయి కార్లో కూర్చున్న రోజుల కంటే ఇదే నయమేమో. అయినా అలా కూర్చునేవాళ్లు ఇక ఉండరనుకుంటే మనసు ఒప్పుకోదు.

తిరిగొచ్చేటప్పుడు బావమరిదే నడిపాడు. వంగిన మోచేత్తో స్టీరింగు దగ్గరగా పట్టుకుని, అంకాపూర్ మలుపు ఇంకా దూరం ఉండగానే వేగం తగ్గించాడు.

"మంచిగ పట్టుకుంటున్నయ్ బావా, నువ్వు ఎంచినయ్," అన్నాడు.

"నేను ఎంచలే. ఆ పిల్ల ఎంచింది," అన్నాను. "ఆనాడు మద్రాసుల టైరుకు ఉబ్బు లేకుండె, బామ్మర్దీ."

ఇన్నేళ్లూ నా అబద్ధానికి ఎలా ఊపాడో, సరిగ్గా అలాగే తల ఊపి, మలుపు తిప్పాడు.