అరసేరు చిలుము

నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య తోమడం. చదువులో రెండుసార్లు తప్పాను. బేరం ఆడడం చేతకాదు. తూకం వేస్తే మొహమాటానికి ఎప్పుడూ మొగ్గే చూపేవాడిని. సిద్దిపేటలో మాది ఇత్తడి, రాగి బోళ్ల దుకాణం కాబట్టి, ఇరవై రెండేళ్ల కొడుకును ఊరికే కూర్చోబెట్టలేక బాపు నాకు తోమే పని అప్పగించాడు. చింతపండు గుజ్జు, పొయ్యిలో బూడిద, జల్లించిన ఇటుక పొడి నా చేతికిస్తే చాలు, ఎంత నల్లబడ్డ బిందెలోనైనా మొహం చూసుకోవచ్చు. పండుగ వస్తుందంటే వాడకట్టు ఆడవాళ్లు "మీ పిలగానితోని జర తోమియ్యిర్రి" అని గంటలు, దీపపు సెమ్మెలు పంపేవారు. దాన్ని నేను కీర్తి అనుకున్నాను. వాళ్లు ఒక చాకిరీ తప్పించుకుంటున్నారని తెలియడానికి నాకు పెళ్లి కావలసి వచ్చింది.

అవి లడాయి రోజులు. రాగి అంతా తుపాకి గుండ్లకు పోతున్నదని చెప్పి బొంబాయి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. దుకాణంలో మిగిలిన నాలుగు బిందెలనే రోజు మార్చి రోజు తోమేవాడిని. "అరే, బొక్కలు పడ్తయిరా" అని బాపు మొత్తుకునేవాడు. సరిగ్గా అప్పుడే ఆ నాణేల సంచి మా ఊరికి వచ్చింది.

నంగునూరు దిక్కు ఒక పల్లెలో, కల్లు గీసే గౌడు ఒకతను ఇంటి గోడకు మన్ను తవ్వుతుంటే చిన్న కుండ తగిలిందట. అందులో పచ్చగా చిలుము పట్టి ముద్దలు కట్టిన రాగి పైసలున్నాయి. అతను ఒక్కటి కూడా దాచుకోకుండా నేరుగా పటేలు దగ్గరికి తీసుకుపోయాడు. మన్నులో దొరికిన సొమ్ము సర్కారుది కదా. పటేలు పదిమందిని కూర్చోబెట్టి తూకం వేయించి, రెండు సేర్లని పంచనామా రాయించాడు. ఆ సంచిని సిద్దిపేట కచ్చేరికి మోసే వెట్టి కూడా దొరికించుకున్నవాడికే పడింది. గౌడు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చి అప్పజెప్పి, రసీదు అడగడం తెలియక, దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇక్కడ ఎవరూ మళ్లీ తూచలేదు.

కచ్చేరిలో పేష్కారుగారు మా దుకాణానికి పాత ఖాతాదారు. హైదరాబాదు నుంచి పాత నాణేలు చదివే సాబు ఒకాయన చూడడానికి వస్తున్నాడని, ఇవేమో మట్టిబెడ్డల్లా ఉన్నాయని పంచనామాలో రాసి ఉందని ఆయన మాటవరసకు అన్నాడు. ఆయన నన్ను అడగలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తరువాత చాలాకాలం ఆయనే అడిగాడని నేను చెప్పుకు తిరిగాను.

"నాకియ్యిర్రి సార్. మూడు దినాలల్ల అద్దం లెక్క చేసిస్త" అన్నాను.

"ఏం ఖరాబు కావుగద?"

"రాగి సంగతి మాకు చెప్తున్నరా?"

మూడు రోజులు మా పెరట్లో కూర్చుని తోమాను. ముద్దలను రాత్రంతా చింతపండు నీళ్లలో నానబెట్టి, పొద్దున కర్రతో కొట్టి విడదీశాను. మొదటి రోజు ఒక నాణెం మీద ఏనుగు కనిపించింది. ఇంకా స్పష్టంగా కనిపించాలని ఇటుక పొడి వేసి తోమాను. తొండం పోయింది. ఇంకా తోమాను. ఏనుగు మొత్తం పోయి, దాని జాగలో మంచి మెరుపు వచ్చింది. మెరుపే కదా కావలసింది అనుకుని తరువాతి నాణెం అందుకున్నాను. అవ్వ, అంటే మా అమ్మ, ఏడాదికని పెట్టుకున్న చింతపండు కుండ అడుగంటింది. "చారుకు ఏం పొయ్యాలెరా, నీ మెరుపా?" అని తిట్టింది. చింతపండు అయిపోవడం వల్ల మాత్రమే, ఏడెనిమిది నాణేలు కలిసి గడ్డకట్టిన ఒక ముద్ద నా చేతుల్లోంచి బతికిపోయింది. దాన్ని తరువాత చూద్దామని గూట్లో పెట్టి, మిగతావి సంచిలో పోసుకుని కచ్చేరికి పోయాను.

పేష్కారుగారు మెరుపు చూసి "వహ్వా" అన్నారు. తరువాత రివాజు ప్రకారం తూకం వేయించారు. ఇంచుమించు సేరున్నర.

మళ్లీ తూచారు. అంతే. అరసేరు ఎక్కడ? శిస్తు కట్టడానికి వచ్చి అక్కడే ఉన్న ఆ పల్లె పటేలు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకేడికి పోతది సార్? తొవ్వల సంచి ముడి ఇప్పిండు గౌండ్లాయన" అన్నాడు. నన్నెవరూ అనుమానించలేదు. బోళ్ల సేటు కొడుకు దొంగతనం చేస్తాడా? సాయంత్రానికి గౌడును పట్టుకొచ్చి కచ్చేరి పక్క గదిలో కూర్చోబెట్టారు. సాబు వచ్చేలోగా దాచిన నాణేలు తెచ్చి ఇవ్వకపోతే జైలుకు పంపుతామన్నారు. నాణేలు చిలుము కక్కితే తేలికవుతాయన్న ఆలోచన, రాగి సంగతి నాకు చెప్తున్నరా అన్న ఆ మహా పండితుడికి రానేలేదు. నేను కూడా అతనే తీశాడని నమ్మాను. ఇంటికి పోయి అవ్వకు ఆ కథ చెబుతూ, లోకం ఎట్లా చెడిపోయిందో కూడా వివరించాను.

అవ్వ గిన్నె కడుగుతూ విన్నది. "మోరి కాడ సూసినవా? మూడు దినాల సంది పచ్చగ పారుతున్నది. గదంత యాడికెల్లి వచ్చిందిరా?"

"చిలుమవ్వా అది."

"చిలుముకు బరువుండదా?"

నేను దీపం పట్టుకుని, పెరటి మురుగునీళ్లు పోయే ఆ మోరి దగ్గరికి పోయాను. రాళ్ల మీద, గడ్డి మీద వేలు మందాన పచ్చటి అడుసు. గూట్లోని ముద్ద పోను అరసేరు అక్కడ ఉంది. గౌడు దొంగ కాదు. అతని మెడకు తాడు తోమి తోమి నేనే పేనాను.

వెంటనే పరుగెత్తుకుంటూ పోయి నిజం చెప్పానని రాయగలిగితే ఎంత బాగుండేది! నాలుగు రోజులు నోరు మెదపలేదు. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, ఆ తేలును నేను నాలుగు రోజులు పెంచుకున్నాను. నిజం చెబితే సర్కారు సొమ్ము పాడుచేసిన నేరం నా మీదికి వస్తుందన్న భయం కొంత. అంతకంటే ఎక్కువ, నాకు తోమడం కూడా రాదని ఊరికి తెలుస్తుందన్న సిగ్గు. ఉన్న ఒక్క విద్య కూడా పోతే ఇక నేనేం మిగులుతాను? ఒక మనిషి జైలుకు పోవడం ఒక వైపు, నా పేరు ఒక వైపు పెట్టి తూచుకుంటూ కూర్చున్నాను. తూకం నాకు చేతకాదని ముందే చెప్పాను.

మూడోరోజు కచ్చేరి ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి గౌడు పిలిచాడు. గడ్డం మాసింది. గొంతులో కోపం లేదు, ఆశ ఉంది.

"చిన్న సేటూ, సంచి మీకిచ్చినప్పుడు నేను కట్టిన ముడి గట్లనే ఉండెగద? జర యాదికి తెచ్చుకోర్రి."

"యాదికి లేదు" అని గబగబా నడిచాను. ముడి యథాతథంగా ఉంది. దాన్ని విప్పలేక పళ్లతో లాగాను కూడా. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో ఇదే చిన్నది, ఇదే నీచమైనది.

మరునాడు సాబు వచ్చాడు. నెరిసిన గడ్డం, మెత్తటి ఉర్దూ. నేను గూట్లోని ముద్దను రుమాలులో కట్టుకుని వెళ్లాను. ధైర్యం వచ్చి కాదు, రాత్రి అన్నం దిగక. సాబు ఒక మెరిసే నాణేన్ని అటూ ఇటూ తిప్పి, "ఇవి కోటు గుండీలా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నేను ముందుకు వచ్చి మొత్తం చెప్పాను. చింతపండు, ఇటుక పొడి, ఏనుగు, మోరి, ముడి. ఒక్కటి కూడా మిగల్చలేదు. పేష్కారుగారు తల పట్టుకున్నారు. పటేలు మాత్రం నవ్వాడు.

"చిలుము అరసేరు తూగుతదా? సేటు కొడుకు జాలితోని చెప్తుండు."

అంత కష్టపడి జీవితంలో మొదటిసారి నిజం చెబితే, దాన్ని నా మంచితనం కింద కొట్టేశారు!

సాబు నా రుమాలు విప్పాడు. ముద్దను చూడగానే ఆయన మొహం మారింది. కొన్ని నీటిచుక్కలు వేసి, వెదురు పుల్లతో ఒక అంచున బియ్యపు గింజంత చిలుమును మెల్లగా, ఊపిరి బిగబట్టి లేపాడు. దాని కింద ఒక అక్షరం. అచ్చు వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే. ఇంకొంచెం లేపితే ఇంకో అక్షరం. "రాసిందంతా ఈ పచ్చతోలును పట్టుకునే ఉంటుంది" అన్నాడాయన నాతో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "రాజు పేరు ఇక ఈ ముద్దలో తప్ప ఎక్కడా లేదు."

తరువాత ఆయన గౌడు వైపు చూశాడు. పటేలు వైపు చూశాడు. చిలుముకు బరువుంటుందని ఆయన చెబితే పంచనామా ఒప్పుకోదు. కళ్లతో చూసిన తూకమే కావాలి. చాలాసేపు ముద్దను అరచేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి త్రాసు తెప్పించాడు. ఎనిమిది తులాలు. ముద్దను నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా ఒకే మాట అన్నాడు.

"తోము."

ఎవరో చింతపండు తెచ్చారు. కచ్చేరి బావి దగ్గర కూర్చుని, పదిమంది చూస్తుండగా, ఆ అక్షరాలను నా చేతులతో నేనే తోమాను. అవి పోతుంటే చూశాను. తోముతూ ఏడ్చింది అదొక్కసారే. పచ్చనీళ్లు గచ్చు మీద పారాయి. ఆరబెట్టి తూచితే ఆరు తులాలు. ఎనిమిదికి ఆరు, రెండు సేర్లకు సేరున్నర. పటేలు లెక్క కట్టుకుని, గొంతు సవరించుకుని, కండువా సర్దుకుని లేచాడు. గౌడును వదిలేశారు.

నేను అతని వెంట రోడ్డు దాకా పరుగెత్తాను. తప్పయింది, క్షమించమని అడిగాను. అతను ఆగలేదు, నడుస్తూనే మాట్లాడాడు.

"పొద్దూ మాపూ గీస్తెనే చెట్టు ఇస్తది సేటూ. నాలుగు దినాలాయె. పదకొండు చెట్లు. ఎక్కెటోడు ఇంకోడు లేడు. ఇయ్యేడు ఇగ ఇయ్యయి."

సర్కారు నుంచి ఇనాము వస్తుందేమో అన్నాను. మళ్లీ ఎప్పుడైనా అట్లాంటివి దొరికితే ముందు నాకు చెప్పమని కూడా అన్నాను, నా బుద్ధి అంతటిది.

అప్పుడు ఆగాడు. నా పచ్చబడిన గోళ్ల వైపు చూశాడు.

"మల్ల దొరికితే దండం బెట్టి మన్ను గప్పుత సేటూ. మన్నుల ఉన్నన్ని దినాలు గవి మంచిగనే ఉండె. నేను గూడ మంచిగనే ఉంటి."